భోజన్న కాలుకు జైసే థే

పుండు మానాలంటే మందు కావాలని, కట్టు కావాలని అనుకునేవాళ్లు ఈ రోజుల్లో కూడా ఉన్నారు. అమాయకులు! పుండుకు కావలసింది కాన్ఫరెన్స్. స్టేజీ, మైకు, పూలదండలు, మధ్యాహ్నం శ్రీఖండ్‌తో భోజనం. ఇవేవీ లేకుండా మానిపోతే అదీ ఒక పుండేనా?

నమ్మకం కుదరకపోతే భోజన్ననే చూడండి.

మర్ఖేల్ దగ్గర పటేల్ గారి చేను బటాయికి దున్నుకుని, పంటలో సగం ఆయనకిచ్చి, మిగతా సగంతో బతికే మనిషి. వైశాఖం ఎండల్లో జొన్న కొయ్యలు ఏరుతుంటే ఒకటి అరికాల్లో దిగింది. భార్య ముత్తెమ్మ పసుపు పెట్టింది. పుండు పసుపుకు లొంగలేదు. కాలు బూరెలా పొంగింది. మిర్గం కార్తె రావడానికి ఇక ఇరవై రోజులే! మిర్గంలో తొలివాన పడగానే విత్తనం వేయకపోతే పటేల్ చేను ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అందుకని భోజన్న ఎస్టీ బస్సెక్కి నాందేడ్‌లో ఒక పెద్ద దవాఖానాకు వచ్చి పడ్డాడు.

అక్కడ అతని దురదృష్టం కొద్దీ నర్సవ్వ అనే ఆయా ఉంది. కట్లగది ఆమెదే. చదువా? లేదు. కాన్ఫరెన్స్ అనుభవమా? ఒక్కటంటే ఒక్కటి లేదు. పొద్దున్నే నీళ్లు మరగబెట్టడం, పాత కట్టు విప్పడం, పుండు కడగడం, మందు పెట్టి కొత్త కట్టు కట్టడం. ఇరవై ఏళ్లుగా ఇదే పని! ఇందులో దూరదృష్టి ఏముంది చెప్పండి?

"అక్కా, మిర్గం దాంక నాగలి పడ్తనా?" అని భోజన్న రోజూ అడిగేవాడు.

"దినాం కడుగుతుంటె ఎందుకు పట్టవు? నువ్వు కాలు కింద వెట్టకు, గంతె" అనేది నర్సవ్వ.

ఆరు రోజుల్లో వాపు దిగింది. రూపాయి బిళ్లంత పుండు పావలా అంత అయింది. ఇంకో వారం ఆగితే, ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే అది మానిపోయేది! ఎంత గండం తప్పిందో ఆలోచించండి.

ఆ గండం తప్పించిన మహానుభావుడు డాక్టర్ నాగనాథ్. ఆ దవాఖానాకు పెద్ద ఆయనే. నాందేడ్‌లో రెండు రోజుల కాన్ఫరెన్స్ పెట్టి నాలుగు ఊళ్ల డాక్టర్లను పిలిచారు. "గాయాల సంరక్షణలో వృత్తిపరమైన భాగస్వామ్యం" అనేది విషయం. కోత డాక్టరు, ఎముకల డాక్టరు, చర్మం డాక్టరు, మందుల కంపెనీ ఏజెంటు చేతులు కలపాలన్నమాట. అన్ని చేతులు కలిసేటప్పుడు మధ్యలో ఒక పుండు ఉంటే బాగుంటుంది కదా? వార్డంతా గాలించి భోజన్న పుండును ఎంపిక చేశారు. తీరా చూస్తే అది రోజురోజుకూ చిన్నదైపోతోంది!

"కాన్ఫరెన్స్ అయ్యేదాంక దీన్ని ఎవలు ముట్టొద్దు. జైసే థే!" అని నాగనాథ్ ఆర్డరు వేశారు.

భోజన్నకు ఆ మాట బాగా తెలుసు. చేను కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కినప్పుడు జడ్జిగారు వేసే ఆర్డరది. ఉన్నది ఉన్నట్టే ఉండాలి, ఎవరూ నాగలి దించకూడదు. అతని పక్క చేను అలా పదకొండేళ్లుగా పడి ఉంది.

"డాక్టర్ సాబ్, చేనుకు జైసే థే అస్తె తుమ్మలు మొలిచినయి. కాలుకు అస్తె ఏం మొలుస్తది?"

"ప్రగతి మొలుస్తది" అన్నారు డాక్టర్ సాబ్.

ఆ సాయంత్రం భోజన్న నర్సవ్వను ఆపాడు. "అక్కా, భాగస్వామ్యమంటె ఏంది?"

"ఏముందే, బటాయి అసొంటిదె."

"మరి దున్నెటోడెవడు?"

నర్సవ్వ కత్తెర తీసుకుని వెళ్లిపోయింది. కట్టుగుడ్డ తాన్లన్నీ కత్తిరించి ఆమె రెండు వందల బ్యాడ్జీలు కుట్టాలి. కాన్ఫరెన్స్‌కు ముందు నాలుగు రోజులూ వార్డులో ఎవరి కట్టూ మారలేదు. మారకపోతేనేం? చీమూ నెత్తురూ తుడిచి చెత్తలో పడే గుడ్డ పెద్దమనుషుల గుండెల మీదికి ఎక్కింది. గుడ్డకైనా మంచిరోజులు రావద్దా?

ప్రతినిధులు మీటర్‌గేజ్ బండి దిగి, బొగ్గు నుసి దులుపుకుని సభకు వచ్చారు. భోజన్నను మంచంతో సహా స్టేజీ ఎక్కించారు. పెళ్లినాడు కూడా అతన్ని అంతమంది మోయలేదు. ముఖ్య అతిథి రిబ్బన్ కత్తిరించలేదు, భోజన్న కట్టు కత్తిరించారు! చప్పట్లు. చప్పట్ల వెనకే వాసన. ముందు వరుసలో జేబురుమాళ్లన్నీ ఒక్కసారిగా ముక్కుల మీదికి వెళ్లాయి. పావలా అంత పుండు అరచేయంత అయింది, అంచులు నల్లబడ్డాయి.

ఇది చర్మం సంగతి అన్నారు ఎముకల డాక్టరు. కాదు, కోత సంగతి అన్నారు చర్మం డాక్టరు. ముందు ఎముక సంగతి తేల్చండి అన్నారు నాగనాథ్. పదిమందిలో పాము చావదంటారు మనవాళ్లు. చావకపోతే పోనీండి, పాముకు ఎంత మర్యాద జరిగిందో చూడండి! రెండు గంటల చర్చ తర్వాత అందరూ భోజనానికి లేచారు. పుండు మీదికి ఈగలు వచ్చాయి. వాటికీ అది భోజనాల వేళే కదా.

భోజన్నకు ఏడుపొచ్చింది. చిన్నపిల్లాడిలా గట్టిగా ఏడ్చాడు. చాయ్ కెటిల్‌తో అటుగా పోతున్న నర్సవ్వ ఆగింది.

"కడుగక్కా! నీ కాళ్లు మొక్కుత, జర కడుగు!"

ఆమె అటూ ఇటూ చూసింది. చాయ్ కోసం మరగబెట్టిన నీళ్లు తెచ్చి, చల్లార్చి, ఉప్పు వేసి పుండు కడిగింది. మిగిలిపోయిన బ్యాడ్జీలు విప్పి కట్టు కట్టింది.

భోజనాలు చేసి వచ్చిన ప్రతినిధులకు చూడ్డానికి పుండు లేదు! మధ్యాహ్నం సెషన్ నాశనమైపోయింది. నాగనాథ్ కోపం నషాళానికి అంటింది. "కాన్ఫరెన్స్ అంత ఖరాబ్ చేసినవు! రేపటిసంది కట్లగదిల అడుగు పెట్టకు!" అని నర్సవ్వ మీద అరిచారు. రెండో రోజు భోజన్న కట్టు ముట్టిన వాళ్లు లేరు. అయినా సభ వృథా పోలేదు, సాయంత్రానికి ఒక తీర్మానం చేసి మరీ లేచింది.

మిర్గం వచ్చింది, వానా వచ్చింది. ముత్తెమ్మ తడిసి ముద్దై ఊరినుంచి వచ్చింది. "పటేల్ చేను శివరాంకు ఇచ్చిండయ్యా" అని చెప్పి మంచం పక్కన కూలబడింది.

భోజన్న మంచం దిగాడు. ఆమె భుజం పట్టుకుని, ఒంటికాలి మీద గెంతుకుంటూ కట్లగదికి వెళ్లాడు. తలుపుకు తాళం. తలుపు మీద మరాఠీలో ఏదో అచ్చు వేసిన కాగితం. ఇద్దరికీ చదువు రాదు. అటుగా పోతున్న కంపౌండరును బతిమాలితే చదివి అర్థం చెప్పాడు.

"పుండును దినాం కడిగి, కట్టు మార్చాలె. గిది కాన్ఫరెన్స్‌ల అందరు కలిసి చేసిన తీర్మానం."

"గిది చెప్పెతందుకు గంతమంది అచ్చిండ్రా? మా నర్సవ్వక్క దినాం చేసిందె కదనయ్యా! ఆమె ఏది?"

"ఔరంగాబాద్‌ల ఇంకో కాన్ఫరెన్స్ ఉన్నది. చాయ్ పొయ్య పోయింది."