రామచంద్రయ్య మూతిగుడ్డ

ఆ సోమవారం పొద్దున రామచంద్రయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి బాబా మియా పాన్ డబ్బా దగ్గర జర్దా పాన్ ఒకటి దవడన పెట్టుకోవాలి, మీద మూతిగుడ్డ కట్టుకోవాలి, పన్నెండింటిదాకా జడ్చర్లలోని విత్తనాల ఆఫీసులో గుమాస్తా పని చేసుకోవాలి, ఆ తర్వాత బావి దగ్గర నోరు పుక్కిలించి బుద్ధిమంతుడిలా ఇంటికి భోజనానికి పోవాలి.

అది పంతొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరం. ఇంటికొకరు ఫ్లూ జ్వరంతో మంచం పట్టారు. దవాఖాన డాక్టరు అమరేందర్ అందరినీ మూతికి గుడ్డ కట్టుకొమ్మని చాటింపు వేయించాడు. ఎడ్లకు చిక్కం కట్టినట్టు మాకెందుకని ఊరంతా నవ్వింది. రామచంద్రయ్య ఒక్కడే మరునాడే కట్టుకొచ్చి, దగ్గు తుంపరలనీ, వాటిలో క్రిములనీ ఆఫీసంతటికీ ఉపన్యాసం ఇచ్చాడు.

అసలు సంగతి వేరు. ఆరు నెలల కిందట నోరంతా పుండ్లు పడి ఆయన అన్నం తినలేకపోతే, భార్య జానమ్మ బెంగటిల్లి, ఇంక పాన్ ముట్టనని కురుమూర్తి స్వామి మీద ఒట్టు పెట్టించింది. మళ్లీ ముట్టిన రోజున కొల్లాపూర్‌లోని పుట్టింటికి పోతానని, తిరిగి రానని కూడా చెప్పింది. జానమ్మ అన్నంత పనీ చేసే మనిషి. ఆమె లేని ఇంట్లో ఒక్క పూట గడపడం ఆయనకు చేతకాదు. పాన్ లేకుండా గడపడమూ చేతకాదు. ఈ రెంటి మధ్య నలిగిపోతున్నవాడికి మూతిగుడ్డ దేవుడు పంపినట్టే వచ్చింది.

ఆ రోజు మాత్రం చెప్పాపెట్టకుండా పాలమూరు నుంచి పెద్దసారు రఘుపతి తనిఖీకి దిగాడు. నేరుగా రామచంద్రయ్య బల్ల దగ్గరికి వచ్చి పల్లీ విత్తనాలు ఎన్ని బస్తాలున్నాయని అడిగాడు. నోరు తెరిస్తే గుట్టు బయటపడుతుంది. అందుకని ఊ అన్నాడు. ఎన్ని అని గద్దించాడు సారు. రామచంద్రయ్య నోట్లోది గుటుక్కున మింగబోయాడు. జర్దా గొంతుకు అడ్డం పడి, పొలమారి, కళ్లు తేలేసి దగ్గాడు. తెల్లటి గుడ్డ ఎర్రగా తడిసింది.

"రామచంద్రయ్య సారు నెత్తురు కక్కుతున్నడు," అన్నాడు చప్రాసీ చెన్నయ్య, తలుపు అవతలికి చేరుకున్నాక.

ఆఫీసు క్షణంలో ఖాళీ అయింది. నెత్తురు కాదని చెప్పడానికి రామచంద్రయ్య తలా చేతులూ ఊపితే, ఫిట్స్ కూడా వచ్చాయనుకున్నారు. గుడ్డ తీసి గాలి పీల్చుకొమ్మని దూరం నుంచి చెప్పారు. ఆయన రెండు చేతులతో దాన్ని మూతికి అదిమిపట్టుకున్నాడు. రఘుపతి కళ్లు చెమ్మగిల్లాయి.

"చావు మీదికొచ్చినా గుడ్డ తీస్తలేడు, మనకు అంటొద్దని," అన్నాడు. "గిసొంటి మనిషిని నేను చూడలే."

ఆ మహానుభావుణ్ణి బస్తాల బండి మీద పడుకోబెట్టి దవాఖానకు తోలారు. రఘుపతి వెంట నడిచాడు. వార్త బండి కంటే ముందు పరుగెత్తింది. బజారు మొదట్లో నెత్తురు కక్కాడన్నారు, పోస్టాఫీసు దాటేసరికి ఊపిరితిత్తులు పోయాయన్నారు. జానమ్మకు కడసారి చూపుకు రమ్మని కబురు అందింది.

ఆమె చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. అందరూ పది గజాల దూరాన నిలబడితే, డాక్టరు వారిస్తున్నా వినకుండా మొగుడి తల ఒళ్లో పెట్టుకుంది. బతికితే చాలు, ఇంక దేనికీ పోట్లాడనని ఏడ్చింది. ఇంత ప్రేమించే మనిషిని మోసం చేశానే అని రామచంద్రయ్యకు అప్పుడు నిజంగానే చచ్చిపోవాలనిపించింది. ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. దాహం తీరుద్దామని ఆమె గుడ్డ ముడి విప్పింది. విప్పి ఆగింది. గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"డాక్టరు సాబ్," అంది మెల్లగా, "నెత్తురు జర్దా వాసనొస్తదా?"

అమరేందర్ ఆ గుడ్డను పటకారుతో ఎత్తి చూశాడు. తర్వాత రఘుపతి తెల్ల చొక్కా చూశాడు. దాని మీద ఒక్క చుక్కయినా లేదు. తుంపరంతా గుడ్డలోనే ఆగిందని, తాను ఇన్నాళ్లూ మొత్తుకుంటున్నది ఇదేనని అందరికీ తిప్పి తిప్పి చూపించాడు. ఆఫీసువాళ్లంతా రేపటి నుంచి కట్టుకోవాలని రఘుపతి అక్కడే ఉత్తర్వు ఇచ్చాడు.

ఇవేవీ రామచంద్రయ్య చెవికి ఎక్కలేదు.

"కొల్లాపూర్ పోతవా?" అన్నాడు జానమ్మతో.

"పోను," అంది ఆమె. "నేను పోతె నీకు గీ గుడ్డ ఎవరు కట్టాలె?"

మరునాటికి మూడు పొరల గుడ్డ కుట్టింది. పుట్టింట్లో ఎడ్లకు చిక్కం కట్టిన చెయ్యి అది; తలవెనక ఆమె వేసిన ముడి విప్పడం ఇంకెవరికీ వచ్చేది కాదు. మధ్యాహ్నం తానే సద్ది తెచ్చి, ముడి విప్పి, తినిపించి, మళ్లీ కట్టి పోయేది. మిగతావాళ్లు పెద్దసారు వస్తే మూతికి, పోతే మెడకు కట్టుకుని ఒకరి తర్వాత ఒకరు మంచం పట్టారు.

ఆ వానాకాలం ఆఫీసులో జ్వరం రానివాడు రామచంద్రయ్య ఒక్కడే. అందుకు అందరూ మెచ్చుకుంటుంటే ఆయన మూతి ముడుచుకునేవాడు గానీ, అది ఎవరికీ కనిపించేది కాదు.