హెరాన్స్ జట్టు అధికారిక చరిత్ర

విన్‌స్లో ఫాల్స్ నగరానికి ఇంతవరకూ చెప్పుకోదగ్గ చరిత్రంటూ లేకపోవడం తన మనసును కలచివేస్తోందనీ, ఆ లోటును నవంబరులోపే తీర్చేస్తాననీ మేయర్ లైల్ ట్వేటన్ గారు పత్రికలవారిని పిలిచి ప్రకటించారు. నవంబరులో వచ్చే ఎన్నికలకీ దీనికీ ఏ సంబంధమూ లేదని, ఎవరూ అడగకుండానే, రెండుసార్లు చెప్పారు.

ఆ చరిత్ర ఎవరిదంటే హెరాన్స్‌ది. హెరాన్స్ అంటే ఊరి ఫ్రిస్బీ జట్టు. ప్లాస్టిక్ డిస్కు గాల్లోకి విసిరి, మైదానం చివర గీతల మధ్య పట్టుకుంటే ఒక పాయింటు. అదీ ఆట. ప్రొఫెషనల్ జట్టే, కాదనడానికి లేదు. కాకపోతే శని, ఆదివారాల్లో మాత్రమే ప్రొఫెషనల్. సోమవారం తెల్లారేసరికి ఇద్దరు బడిపంతుళ్ళు, ఒక ప్లంబరు, మిగతావాళ్ళంతా జున్ను ఫ్యాక్టరీ.

మేయర్ గారికి ఈ ఆట మీద ఉన్నట్టుండి ప్రేమ పొంగడానికి కారణం లేకపోలేదు. ఊళ్ళో రిటైరైన పెద్దలంతా ఇప్పుడు టెన్నిస్‌కు చిన్న తమ్ముడిలాంటి పికిల్‌బాల్ ఆడుతున్నారు. హెరాన్స్ ఆడే ఉత్తరపు మైదానాన్ని తమకిచ్చేస్తే పదహారు కోర్టులు వేసుకుంటామని ఏడాదిగా గోల. కౌన్సిల్ సభ్యురాలు మార్జరీ శ్వెంక్ 'ఓ, తప్పకుండా' అని మాటిచ్చేసి మేయర్ పదవికి నిలబడింది. ఆ ఓట్లన్నీ ఆవిడ మూటగట్టుకుపోయాక మేయర్ గారికి మిగిలింది ఫ్రిస్బీయే. మైదానాన్ని చారిత్రక స్థలంగా ప్రకటిస్తే అక్కడ కోర్టులు కట్టడం ఎవరి తరమూ కాదని ఆయన కనిపెట్టారు.

ఈ మాట విని ఊళ్ళో నిజంగా గుండె ఝల్లుమన్నది ఒక్క వెండెల్ స్లాటరీకే. పదకొండేళ్ళు హెరాన్స్‌కు ఆడాడు, ఆరేళ్ళు కెప్టెన్. మోకాళ్ళు మొరాయించాక నగర పార్కుల శాఖలో చేరి, అదే మైదానంలో గడ్డి కోస్తూ, అవే గీతలకు సున్నం వేస్తూ బతుకుతున్నాడు. సొంత మైదానం లేని జట్టును లీగు ఒక్కరోజు కూడా ఉంచుకోదు. కోర్టులు వస్తే హెరాన్స్ పని అయిపోయినట్టే.

అందుకే మేయర్ గారు చరిత్ర రాయమనగానే మూడు వారాలు తిండీ నిద్రా మాని నలభై పేజీలు రాశాడు. మేయర్ గారి ప్రచార సలహాదారు కోరిన్ బాష్ వాటిని తిరగేసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ తిరగేసింది.

"ఏంటయ్యా ఇది? ఏ పేజీ తిప్పినా ఓటమేనా? ఒక్క గెలుపు లేదా?"

"ఎందుకు లేదండీ! ఇరవై ఆరో పేజీ చూడండి. అవతలి జట్టు బస్సు చెడిపోయింది."

"పెద్ద గెలుపు కావాలి బాబూ. ఫలకం మీద చెక్కాలి. ఫైనల్సో, సెమీఫైనల్సో."

"సెమీఫైనల్స్ ఆడామండీ. మన మైదానంలోనే. స్కోరు సమానం, ఆఖరి నిమిషం, డిస్కు నేనే పట్టుకున్నా. రిఫరీ పాయింటు ఇచ్చేశాడు."

కోరిన్ కుర్చీలోంచి లేచింది. "ఇంత మాట కడుపులో దాచుకున్నావేంటి! గెలిచారన్నమాట!"

"లేదండీ. నా ఎడమకాలు గీత బయట పడింది. చెయ్యెత్తి చెప్పేశా. డిస్కు వాళ్ళకెళ్ళింది, వాళ్ళు గెలిచారు."

ఈ ఆటలో అదొక ఆచారం. రిఫరీ పొరపాటున నీకు మేలు చేస్తే, నువ్వే చెయ్యెత్తి 'కాదు, తప్పు నాదే' అని చెప్పి ఆ మేలును వెనక్కిచ్చేయవచ్చు. మిగతా జట్లు ఏడాదికోసారి, పండక్కి గుడికెళ్ళినట్టు, ఈ ఆచారం పాటిస్తాయి. హెరాన్స్ వారం వారం పాటించారు. వాళ్ళ చరిత్ర అలా తయారవడానికి అదే కారణం.

"రిఫరీ చూశాడా?" అంది కోరిన్.

"లేదు."

"అవతలివాళ్ళు?"

"లేదండీ."

"కెమెరా?"

"అటువైపు సాసేజీల బండి అడ్డం."

"మరి నీకేం పుట్టిందయ్యా?"

"కాలు బయటుందండీ."

"ఎంత బయట?"

వెండెల్ రెండు వేళ్ళు దగ్గరగా పెట్టి చూపించాడు.

"ఆ మాత్రానికా! మా ఆఫీసులో ఆ మాత్రం లోపలుంటే పండగ చేసుకుంటాం."

చరిత్రను సరిదిద్దడానికి ఐదుగురితో సంఘం వేశారు. వాళ్ళు ఎంతో శ్రమపడి, నలభై పేజీల్లో 'ఓడిపోయింది' అని ఉన్న ప్రతిచోటా 'రెండో స్థానంలో నిలిచింది' అని మార్చారు. రెండే జట్లు ఆడే ఆటలో రెండో స్థానమంటే మాటలా? సెమీఫైనల్ దగ్గర 'రిఫరీ పాయింటు ఇచ్చాడు' అన్న వాక్యాన్ని ఉంచి, దాని తర్వాతి వాక్యాన్ని స్థలాభావం వల్ల తీసేశారు.

"ఇందులో ఒక్క అబద్ధముంటే చూపించు," అన్నారు మేయర్ గారు.

వెండెల్ వెతికాడు. నిజంగానే దొరకలేదు.

"రేపు చారిత్రక స్థలాలను తేల్చే వారసత్వ కమిషన్ ముందు నువ్వు చెప్పాల్సింది ఒక్క ముక్క. రిఫరీ పాయింటు ఇచ్చాడు. చెప్పు, కూర్చో. మైదానం మీది."

బయటికొచ్చాక ఇప్పటి కెప్టెన్ డెవిన్ కుబియాక్ అతని చొక్కా పట్టుకున్నాడు. "అన్నా, నీకు దండం పెడతా. ఈ ఒక్కసారికి ఆ చెయ్యి కిందుంచు. మేం ఆడటానికి ఆ మైదానం తప్ప ఏముంది?"

"ఉంచుతాలేరా," అన్నాడు వెండెల్. ఉంచుదామనే అనుకున్నాడు కూడా.

శుక్రవారం సాయంత్రం నగర భవనం కిక్కిరిసిపోయింది. ముందు వరుసల్లో పికిల్‌బాల్ పెద్దలు బ్యాట్లతో సహా కూర్చున్నారు. వెండెల్ లేచి, "రిఫరీ పాయింటు ఇచ్చాడు," అని చెప్పి కూర్చున్నాడు. హెరాన్స్ కుర్రాళ్ళు ఈలలు వేశారు. కమిషన్ అధ్యక్షుడు తీర్మానం చదవడం మొదలుపెట్టాడు.

వెండెల్ కుడిచెయ్యి తీసి తొడ కింద పెట్టుకుని దాని మీద గట్టిగా కూర్చున్నాడు. ఎడమచెయ్యి లేచింది.

"ఏంటి?" అన్నాడు అధ్యక్షుడు.

"నా కాలు బయట పడిందండీ. మేం ఓడిపోయాం."

"విన్నారా!" మార్జరీ శ్వెంక్ అరిచింది. "ఓడిపోయినందుకు స్మారకమట!" పెద్దలు బ్యాట్లతో కుర్చీలు వాయించారు. డెవిన్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. వెండెల్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జట్టు కొంప తన చేత్తోనే కూల్చేశానని అనుకున్నాడు.

మేయర్ గారు పదకొండు సెకన్లపాటు పైకప్పు వైపు చూశారు. నాయకుడంటే ఎవరో ఆ పదకొండు సెకన్లలో తేలిపోయింది. గబగబా వచ్చి వెండెల్‌ను కావలించుకున్నారు.

"ఈ మాట ఈయన నోటితోనే రావాలని ఇన్నాళ్ళూ ఆగాను! ఆ వాక్యం కావాలనే తీయించాను! గెలిచినవాడికి స్మారకం వీధికొకటుంది. నిజం చెప్పినవాడికి దేశం మొత్తం మీద ఎక్కడుందో చూపించండి! ఆ భాగ్యం మన ఊరిది! నిజాయితీ వద్దనేవాళ్ళుంటే చేతులెత్తండి!"

ఎన్నికల ఏడాదిలో ఎవరెత్తుతారు? కావాలనేవాళ్ళను ఎత్తమన్నప్పుడు మార్జరీ శ్వెంక్ అందరికంటే ఎత్తుగా ఎత్తింది. పెద్దలు బ్యాట్లు ఎత్తారు. మైదానం ఏకగ్రీవంగా చారిత్రక స్థలమైంది. కుర్రాళ్ళు వెండెల్‌ను భుజాల మీదికెక్కించుకున్నారు. చెయ్యెత్తాక గెలవడం అతనికి జన్మలో అదే మొదటిసారి.

ఆగస్టులో ఆవిష్కరణ. మైదానం చుట్టూ నిలువెత్తు ఇనుపకంచె వచ్చింది. సాసేజీలు ఉచితం. సెమీఫైనల్ జరిగిన మూలన సున్నపు గీత పక్కన, వెండెల్ ఎడమపాదం కొలతతో పోతపోసిన కంచుపాదం ధగధగలాడుతోంది. 'ఇక్కడే ఒక మనిషి నిజం చెప్పాడు' అని ఫలకం. కింద అంతకు రెట్టింపు అక్షరాల్లో మేయర్ గారి పేరు.

వెండెల్ వంగి చూశాడు. "మేయర్ గారూ, పాదం గీత లోపల పెట్టారు."

"బయట పెడితే కంచె స్తంభం అడ్డొచ్చిందట. కొంచెం జరిపారు. ఆ మాత్రానికేం?"

"లోపలుంటే మేం గెలిచినట్టండీ."

"మరింకేం, గెలిచారు. ఫోటోకు నవ్వు."

డెవిన్ డిస్కుల సంచి భుజాన వేసుకుని ముందుకొచ్చాడు. వెనక జట్టంతా బూట్లు బిగించుకుని సిద్ధంగా ఉంది. "సార్, గేటు రోజూ ఎన్నింటికి తీస్తారు? శనివారం మ్యాచుంది మాకు."

కోరిన్ అతన్ని చెయ్యి పట్టుకుని గేటు పక్కన బోర్డు దగ్గరికి తీసుకెళ్ళింది. 'చారిత్రక స్థలం. లోపల పరుగెత్తరాదు. ఏదీ విసరరాదు. ఏదీ పట్టరాదు.'

"ఇదేంటి సార్!" డెవిన్ సంచి కింద పడేశాడు. "మేమెక్కడ ఆడాలి? శనివారం మైదానం చూపించకపోతే లీగు మమ్మల్ని పీకేస్తుంది!"

మేయర్ గారు అతని భుజం మీద చెయ్యి వేశారు. ఆ వాత్సల్యం చూసి ఫోటోగ్రాఫర్లు దగ్గరికి జరిగారు.

"పిచ్చివాడా, ఆడితే ఏమవుతుంది? ఓడిపోతారు. ఆడకపోతే ఇక మీ చరిత్రకు తిరుగుందా?"

పత్రికలవారు ఆ మాట పొల్లుపోకుండా రాసుకున్నారు. చప్పట్లు మోగాయి. సాసేజీలు అయిపోయాక జనం ఇళ్ళకు వెళ్ళారు.

గేట్లకు తాళాలు వేసే పని పార్కుల శాఖది. జట్టువాళ్ళందరూ బయటికొచ్చారో లేదో ఒకసారి చూసుకుని, వెండెల్ తాళం వేశాడు.