మిద్దె కారిందని రుజువు

ఇల్లు తన ఇష్టం వచ్చినట్టు కారడానికి వీల్లేదు. ముందుగా దరఖాస్తు పెట్టుకుని, పగటి వేళ, అధికారి ఎదుట, ఫొటోకు అందేలా కారాలి. ఈ సంగతి తెలియక అనంతపురం మెట్టలో ఎన్నో ఇళ్లు అర్ధరాత్రుళ్లు దొంగచాటుగా కారి, మరమ్మతు అప్పుకు అర్హత పోగొట్టుకున్నాయి.

బెళుగుప్ప పక్క పల్లెలో బయ్యన్నది మట్టి మిద్దె. దూలాల మీద బండలు, బండల మీద మట్టి, ఆ పైన ఏటా ఒక పొర చౌడు. చౌడు తడిస్తే బిగుసుకుని నీళ్లను కిందికి దిగనివ్వదు. అందుకే వానకారుకు ముందు ఆ ఊళ్లో ప్రతి మిద్దెకూ చౌడు పోస్తారు. బయ్యన్న కూడా పోసేవాడే. కానీ నడింట్లో దూలానికి చెదలు పట్టి, అది వంగిపోయింది. పోయినేడు వానలకు ఆ పల్లంలో నీళ్లు నిలిచి ఇంట్లోకి దిగాయి. ఈసారి వానలు మొదలవకముందే దూలం మార్చకపోతే మిద్దె మొత్తం మంచం మీదికి దిగుతుంది.

అందుకని ఆయన గృహసౌఖ్య రుణ సంఘానికి వెళ్లి, ఇల్లు తాకట్టు పెడతాను, దూలానికి అప్పు ఇవ్వండని అడిగాడు. సంఘంలో కూర్చున్న పద్మప్రియ ముందు ఇంటి పత్రాలు తీసుకుంది. (అప్పు వచ్చేది ఎప్పుడైనా కావచ్చు. పత్రాలు మాత్రం మొదటి రోజే వెళ్లాలి.)

"తాతా, కారే ఇంటికే మరమ్మతు అప్పు ఇస్తాం. మీ మిద్దె కారతాంటే మావాళ్లు వచ్చి ఫొటో తీసుకోవల్ల."

"వాన పడితే గదా తల్లీ కారేది. ఈ ఏడు చినుకే లేకపాయె."

"వాన మా పరిధిలోకి రాదు తాతా. కారడమే మా పరిధి."

వాన లేని ప్రాంతాల వారి సౌకర్యార్థం సంఘం ఒక వెసులుబాటు కల్పించింది. దరఖాస్తుదారు సొంత ఖర్చుతో ట్యాంకరు తెప్పించి మిద్దె మీద పోయించుకోవచ్చు. దానికి కృత్రిమ కారుట అని పేరు.

తాగడానికి నీళ్లు లేని వీధిలోకి మిద్దె మీద పోయడానికి ట్యాంకరు వచ్చింది. ఎదురింటి హనుమక్క బిందెతో పరుగున వచ్చింది.

"ఏమప్పా బయ్యన్నా, పిచ్చి గిచ్చి పట్టిందా నీకు? మనుషులకు లేని నీళ్లు మిద్దెకు తాపుతాండావా?"

"ఆఫీసు పని అక్కా. మిద్దె గొట్టం కింద బిందె పెట్టుకో. కారగా మిగిలినవి నీకే."

క్షణంలో గొట్టం కింద వీధంతా వరస కట్టింది. కారుట పరిశీలకుడు రామాంజులు నడింట్లో పీట మీద కూర్చుని, ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. ట్యాంకరు ఖాళీ అయింది. గొట్టం ధారగా పారింది. వీధిలో బిందెలన్నీ నిండాయి. ఇంట్లో మాత్రం ఒక్క చుక్క రాలలేదు.

బయ్యన్న భార్య వైపు చూశాడు. తిమ్మక్క ఓలిగల పళ్లెంతో నిలబడి ఉంది. ఆమె చేతులకు మోచేతుల దాకా తెల్లటి చౌడు.

"ఏమే, మిద్దెకు చౌడు పోసినావా?"

"పొయ్యకేం? ఆఫీసరు వస్తాండాడని చెప్తివి. నెత్తిన నీళ్లు కారే ఇంట్లో పెద్దమనిషిని ఎట్ల కూర్చోబెడతాం? తెల్లారుజామునే లేచి ఆ పల్లం పూడేదాకా గంపలు గంపలు పోస్తి."

రామాంజులు రెండు ఓలిగలు తిని, బాగున్నాయని చెప్పి, ఇల్లు కారుట లేదని రాసుకుని వెళ్లిపోయాడు.

బయ్యన్న మళ్లీ సంఘానికి పోయి పద్మప్రియను బతిమాలాడు. ఆమె దయగలది. ఇంకొక అవకాశం ఇచ్చింది.

"అయితే తాతా, అదే రోజు దృఢత్వ పరిశీలన కూడా ఉండాది. మా రామదాసు సారు వస్తాడు. తాకట్టు పెట్టే ఇల్లు గట్టిగా ఉండల్ల. కారకూడదు."

"కారల్లనా, కారకూడదా? ఏదో ఒకటి చెప్పు తల్లీ."

"అప్పుకైతే కారల్ల. తాకట్టుకైతే కారకూడదు. పొద్దున కారి, మధ్యాహ్నానికి మానుకుంటే సరిపోతాది."

బయ్యన్న ఇంకో ట్యాంకరుకు చెప్పి, ఇంటికి వచ్చి పార తీసుకుని మిద్దెక్కాడు. తిమ్మక్క కింద నుంచి తిడుతూనే ఉంది. ఆమె పోసిన చౌడంతా ఆయన గీకి ఒక మూలకు పోగు చేశాడు. పొద్దున రామాంజులు చూసి పోగానే, రామదాసు వచ్చేలోపు మళ్లీ పరచాలని పథకం. జీవితంలో మొదటిసారి ఒక పనిని ఆఫీసు పద్ధతిలో చేశానని ఆయనకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఆ రోజు పరిశీలకులిద్దరూ ఒకే జీపులో వచ్చారు. వాళ్ల వెనకే, ట్యాంకరు కన్నా ముందే, ఎవరి అనుమతీ లేకుండా, వాన వచ్చింది.

నడింట్లో ఒకే ధార కింద ఇద్దరూ చెరో పక్క నిలబడ్డారు. రామాంజులు ముఖం వెలిగిపోయింది. "భేషుగ్గా కారతాండాది పెద్దాయనా! నా సర్వీసులో ఇట్లాంటి కారుడు చూడలేదు!" అని ఫొటోలు తీసుకున్నాడు. రామదాసు ముఖం తుడుచుకుంటూ, ఈ ఇల్లు తాకట్టుకు పనికిరాదని రాసుకున్నాడు. అప్పుడు దూలం కిర్రుమంది. అధికారులిద్దరూ ఏకాభిప్రాయంతో జీపులోకి దూకారు.

"నిచ్చెన ఈడికి తేవే!" అని అరిచాడు బయ్యన్న. మొగుడూ పెళ్లాలిద్దరూ నిచ్చెనను నిలువునా నిలబెట్టి, కింద రాయి దూర్చి, దూలానికి బిగించారు. దూలం ఆగింది. దూలంతో పాటు వాన కూడా ఆగిపోయింది. మళ్లీ ఆ ఛాయలకు రాలేదు.

సంఘం నిర్ణయం వెలువడింది. అప్పు మంజూరైంది. తాకట్టు తిరస్కరించారు. తాకట్టు లేనిదే అప్పు ఇవ్వరు గనుక, మంజూరైన అప్పును జాగ్రత్తగా సంఘంలోనే ఉంచుతారు.

"మీ అప్పు మీరే పెట్టుకోండి తల్లీ. నా పత్రాలు నాకిస్తే పోతా," అన్నాడు బయ్యన్న.

పద్మప్రియ కిటికీలో ఆరేసిన కాగితాలు తెచ్చి ఇచ్చింది. సిరా కరిగి నీలం మరకలయ్యాయి. బయ్యన్న పేరు ఉండాల్సిన చోట ఒక చెరువు ఉంది.

"మొన్న వానకు మా ఆఫీసు కారింది తాతా."

"మీరూ అప్పుకు దరఖాస్తు పెట్టుకోవల్సింది గదమ్మా!"

"పెట్టుకున్నాం. కారేటప్పుడు ఫొటో తీసేవాళ్లు లేకపోయిరి. పరిశీలకులిద్దరూ మీ ఇంట్లోనే ఉండ్రి."

బయ్యన్న మరకల కాగితాలను తిరగేసి చూశాడు. "ఇప్పుడు ఇల్లు నాదని ఎట్ల చెప్పుకునేది?"

"కొత్త పత్రాలు ఇప్పిస్తాం. పాతవి మా మిద్దె కారబట్టే తడిసినాయని ఒక ఫొటో జతచేయల్ల. అంతే."

"వాన పోయిందే తల్లీ."

"మా మిద్దె మీదికి ట్యాంకరు తెప్పించుకోవచ్చు తాతా, ఇబ్బందేం లేదు. నిచ్చెన మాత్రం మీదే తెచ్చుకోవల్ల."

బయ్యన్న నిచ్చెన ఇంట్లో దూలాన్ని మోస్తోంది.