సంతకం కలవని కార్మికుడు

పాదరసం వల్ల వచ్చే జబ్బును ఇకమీదట ఒక్క కార్మికుడు కూడా దాచుకోలేడని మంత్రిగారు మా థర్మామీటర్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర మైకులో ప్రకటించారు. ఇన్నాళ్లూ దాచుకున్నది మేమేనని అప్పుడే తెలిసింది. హాజరు గుమాస్తాను కాబట్టి చప్పట్లు ముందు నేనే మొదలుపెట్టాను.

మర్నాడే గోడల నిండా పోస్టర్లు. 'చేతులు వణుకుతున్నాయా? మతిమరుపా? చిగుళ్ల నుంచి రక్తమా? అయినదానికీ కానిదానికీ కోపమా? వెంటనే ఫారం నింపండి!' మా బావ ఇరవై ఏళ్లుగా గాజు గొట్టాల్లో పాదరసం నింపే గదిలో పనిచేస్తున్నాడు. రెండేళ్లుగా ఆ నాలుగు లక్షణాలూ ఉన్నాయి. చొక్కా గుండీలు కూడా మా అక్కే పెడుతుంది.

"ఎలాగైనా మీ బావని ఆ గదిలోంచి బయటపడెయ్యరా తమ్ముడూ, నీకు పుణ్యముంటుంది" అంది అక్క.

ఫారం సొంత దస్తూరీతో, కొట్టివేతల్లేకుండా, గళ్లు దాటకుండా నింపాలని రూలు. బావ పదకొండు ఫారాలు పాడుచేశాడు. పన్నెండోది చించి నా మొహాన కొట్టాడు. పదమూడోదానికి నాలుగు రోజులు పట్టింది.

జబ్బు గుర్తింపు అధికారి మహా నిక్కచ్చి మనిషి. ఫారం మీది సంతకాన్నీ, ఉద్యోగంలో చేరిన నాటి సంతకాన్నీ పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూశారు.

"ఇది నీ సంతకం కాదు."

"నాదేనండి. చెయ్యి వణుకుతోంది."

"ఎందుకు?"

"పాదరసం వల్లండి."

"పాదరసం గదిలో పనిచేసేది ఈ పాత సంతకం మనిషి. ఆయన పనిచేస్తే నీకెందుకయ్యా వణుకు?"

నిజం చెప్పొద్దూ, ఆ తెలివికి దండం పెట్టాలనిపించింది. అయినా బావ కదా, ధైర్యం చేశాను.

"సార్, ఈయన మా అక్క మొగుడండి. ఇరవై ఏళ్లుగా నేనే హాజరు వేస్తున్నా."

"ఓహో, ఇరవై ఏళ్లుగా దొంగ హాజరు వేస్తున్నది నువ్వేనా?" అంటూ ఆయన పెన్ను తీశారు.

బావ పక్కనుంచి రెండడుగులు వెనక్కి జరిగాను. నాకూ పిల్లలున్నారు. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

బయటి మనిషని బావను గేటు దాటించారు. నలభై ఫారాలొస్తే ఒక్క సంతకమూ కలవలేదు. 'మా కార్మికుల్లో ఒక్కరికీ జబ్బు లేదు' అని మంత్రిగారు మళ్లీ మైకు పట్టుకున్నారు.

"పోతే పోయింది వెధవ ఉద్యోగం! మనిషి నా కళ్లెదుటుంటాడు" అని అక్క ఊపిరి పీల్చుకుంది.

వారం తిరక్కుండా ఇంటికి నోటీసొచ్చింది. చదివి వినిపించాను. ఇరవై ఏళ్లుగా సెలవు చీటీ లేకుండా డ్యూటీ ఎగ్గొట్టిన అసలు కార్మికుడు సోమవారం ఉదయం ఎనిమిదింటికి పాదరసం గదిలో హాజరు కావాలి. పాత సంతకం చేసి చూపించాలి. లేకుంటే కఠిన చర్య.

అక్క బావ చేతుల వంక చూసింది.

"ఆ మనిషి వాళ్లకి ఎక్కడైనా కనబడితే నాకూ ఓ మాట చెప్పమనరా తమ్ముడూ. నేనూ ఆయన కోసమే చూస్తున్నా."