నాన్న అక్షరాలకు అద్దె

షట్టరుకు రంగు వేయించాలి. కుట్టు మిషన్‌కు నూనె పోయాలి. ట్రయల్ రూముకు కర్టెన్ కట్టాలి. పెద్దమ్మను మరిచిపోకుండా పిలవాలి. మరిచిపోతే ఆవిడ బతికున్నంత కాలం గుర్తుచేస్తుంది. నాన్న అక్షరాలతో బోర్డు పెట్టించాలి.

ఆదివారం మా చెల్లి టైలరింగ్ షాపు తెరిచేలోగా మేం చేయాల్సిన పనులివి. చివరిది తప్ప అన్నీ అయ్యాయి. ఆ చివరిదాని పుణ్యమా అని నాకు జ్ఞానోదయమైంది. అందుకే సగర్వంగా ప్రకటిస్తున్నాను: మనిషికి అద్దె సాఫ్ట్‌వేర్‌ను మించిన వరం లేదు!

నవ్వకండి. వివరంగా చెబుతాను.

మా నాన్న సైన్‌బోర్డుల పెయింటర్. ఆయన రాస్తే తలకట్టు చివర కొంచెం పైకి లేస్తుంది, ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు. చేతుల వణుకు మొదలైన కొత్తలో ఆయన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. అ నుంచి ఱ దాకా మౌస్‌తో గీశారు. వణికిన చోటల్లా చెరిపి మళ్ళీ గీశారు. ఇప్పుడు ఆ చెయ్యి గ్లాసు పట్టుకోవడానికే రెండో చేతిని తోడు పిలుస్తోంది. ఆయన రాసిన పాత బోర్డులన్నీ ఫ్లెక్సీల కింద మాయమయ్యాయి. ఇక ఆ అక్షరాలు మిగిలింది ఒక్క ఫైల్లోనే.

ఆ ఫైలు తెరవబోతే తెర మీద మర్యాదగా ఓ వాక్యం: మీ చందా ముగిసింది. కట్టాను. అప్పుడు ఇంకా మర్యాదగా ఇంకోటి: ఇది పాత వెర్షన్ ఫైలు, దీన్ని మేమిక తెరవం.

ఎంత గొప్ప బోధ! నేను గీశాను, ఇది నాది అనే అహంకారం ఒక్క క్లిక్కుతో పోయింది. ఏ గురువైనా ఇంత తొందరగా వైరాగ్యం కలిగించగలడా? కాకపోతే ఈ గురువు దక్షిణ ముందే తీసుకుంటాడు.

ఇదే సౌకర్యం మిగతా వస్తువులకూ ఉంటే ఎంత బాగుండును! మీ బట్టలు పాత మడతలో ఉన్నాయి, తలుపు తియ్యనని బీరువా మొండికేస్తే? ఒకటో తారీఖు రాగానే కత్తెర బిగుసుకుపోతే? ఒక చేతి చొక్కాతో నిలబడ్డ కస్టమరు "అంగీకరిస్తున్నాను" అంటేగానీ మిషన్ రెండో చెయ్యి కుట్టకపోతే?

అంగీకారమంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో చెప్పులు కొనాలన్నా ఇంటిల్లిపాదీ సలహా చెబుతారు. చాంతాడంత ఉన్న ఆ సాఫ్ట్‌వేర్ ఒప్పందానికి మాత్రం ఎవరూ ఒక్క ముక్క చదవకుండా సరేనన్నాం. సొంత బావగారి మీద కూడా మాకింత నమ్మకం లేదు!

కస్టమర్ కేర్ అమ్మాయి ఎంత తియ్యగా మాట్లాడిందని!

"ఫైలు మీదే సార్. తెరవడం మాత్రం మా చేతుల్లో లేదు సార్."

"మరెవరి చేతుల్లో ఉందమ్మా?"

"ఈ కాల్‌కి రేటింగ్ ఇవ్వండి సార్."

ఐదు స్టార్లూ ఇచ్చాను.

ఫ్లెక్సీ షాపు అన్న విసుక్కున్నాడు. "డిగ్రీ చదివావు, ఓ ఫైలు తెరవలేవా? నా దగ్గరున్న అక్షరాలతో కొట్టేద్దాంలే. ఎవడు చూస్తాడు?"

"నేను చూస్తానన్నా," అంది చెల్లి. "రోజూ షట్టరెత్తేది నేనేగా."

నా వైరాగ్యం ఇంత చక్కగా సాగుతుంటే, మా ఆఫీసు అకౌంటెంటమ్మ వచ్చి చెడగొట్టింది. పెన్‌డ్రైవ్‌లో ఏదో ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసి చేతిలో పెట్టింది.

"ఇలా కాపీ చేసి ఇవ్వడం తప్పు కదండీ?" అన్నాను.

"ఇందులో ఇవ్వమనే రాసుంది బాబూ. కావాలంటే విప్పి చూసుకోమనీ, నచ్చకపోతే మార్చుకోమనీ కూడా రాసుంది."

ఎంత బరితెగింపు! తన సరుకు విప్పి చూడమనేవాడు వ్యాపారం చేసుకు బతకగలడా?

ఇంట్లో కంప్యూటర్‌కు పెట్టగానే ఫైలు తెరుచుకుంది. నాన్న ముందుకు వంగారు. తలకట్లన్నీ ఆయన వైపే తల తిప్పినట్టున్నాయి.

ఆయన ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చూసుకున్నారు. తర్వాత, "ఎవర్రా ఇది చేసింది?" అన్నారు.

"ఎవరో నాన్నా. ఇలా ఆగిపోయిన పాత ఫైళ్ళు తెరవడానికని తీరిక వేళల్లో రాసి పెట్టాడట."

"ఊరికేనా?"

"ఊరికే."

"పేరుంటుందిగా, చూడు."

వెతికితే దొరికింది. అసలు పేరు కాదు, 'నత్త' అని పెట్టుకున్నాడు.

బోర్డు పెయింటర్లకు ఓ అలవాటుంది. పనంతా అయ్యాక కింద కుడి మూలన చిన్నగా తమ పేరు రాసుకుంటారు. కూలి దగ్గర గీచిగీచి బేరమాడే షాపు యజమాని కూడా దానికి అడ్డు చెప్పడు.

చెల్లి అడిగింది: "మూలన నీ పేరు ఎంత సైజులో పెట్టమంటావు నాన్నా?"

"నా పేరెందుకే? బోర్డంతా నేనేగా. అక్కడ వాడి పేరు పెట్టు." నావైపు తిరిగారు. "నా అక్షరాలు కూడా ఎవరడిగితే వాళ్ళకిచ్చెయ్‌రా. తాళం మాత్రం వెయ్యకు."

కాబట్టి పాఠకులారా, వైరాగ్యం కావాలనుకుంటే అద్దె సాఫ్ట్‌వేరే వాడండి. మీ పిల్లల బొమ్మలూ, మీ అమ్మ గొంతూ అందులోనే దాచుకోండి. తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంచండి. మీరు పోగొట్టుకున్న రోజున వాళ్ళు మర్యాదగానే చెబుతారు. నేను మాత్రం ఆ భాగ్యానికి దూరమయ్యాను. ఆదివారం పొద్దున్నే బోర్డు ఎక్కింది.

చిన్న మనవి. ఎక్కడైనా తలకట్టు చివర పైకి లేచిన అక్షరాలతో ఓ టైలర్ షాపు బోర్డు కనబడితే, ఆగి కింద కుడి మూలన చూడండి. ఆ పేరుగలవాడు మా షాపుకు చొక్కా కుట్టించుకోవడానికి ఎన్నడూ రాడు. మా నాన్న చేతిని మాకు తిరిగిచ్చానని అతనికి తెలియను కూడా తెలియదు. మీరైనా అతన్ని ఒక్కసారి తలుచుకోండి.