తనకు తానే అమ్ముకున్న టోపీ

మంగళవారం ఉదయం కోడలు పెట్టుకున్న పనులు రెండే. పాప నిద్రపోగానే వారం లెక్క సరిచూసుకోవాలి, పాప లేచేలోగా ఒక కప్పు టీ వేడివేడిగా తాగాలి. రెండోది ఆరు నెలలుగా జరగలేదు కాబట్టి ఆశంతా మొదటిదాని మీదే పెట్టుకుంది.

ఆమె పసిపిల్లల టోపీలు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ఒక్కోటి నాలుగు వందలు. కొన్నవాళ్ళు కార్డుతో కడితే ఆ డబ్బు ముందు కార్డు కంపెనీకి చేరి, శుక్రవారం శుక్రవారం మొత్తంగా ఆమె ఖాతాలో పడుతుంది. పదో తరగతితో చదువు ఆగిపోయింది గానీ లెక్క రాయడం ఆగలేదు. గీతల నోటుబుక్కులో ఎడమవైపు అమ్మినది, కుడివైపు వచ్చినది. పోయిన వారం ఎడమవైపు పదకొండు టోపీలకు నాలుగు వేల నాలుగు వందలు ఉంటే, కుడివైపు నాలుగు వేల రెండు వందల అరవై ఎనిమిదే ఉంది.

"అత్తయ్యా, నూట ముప్ఫై రెండు కనిపించడం లేదు."

అత్తగారు బఠాణీలు ఒలుస్తూ తలెత్తారు. "నా వైపు చూసి అంటావేం? నేను తీశానా?"

"అయ్యో, మిమ్మల్ని అన్లేదు. బ్యాంకులో పడాల్సిన డబ్బు."

"బ్యాంకులో పోతే బ్యాంకు వైపు చూడాలి, నా కొంగు ముడి వైపు కాదు" అంటూ ఆవిడ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఇక కోడలితో మాటల్లేవు.

కోడలికి ఆ డబ్బుతో పని ఉంది. వీధి చివర మిషన్ల కొట్టులో అంచులు కుట్టే పాత మిషను ఒకటుంది. శుక్రవారం సాయంత్రం అయిదు దాకా ఆగుతానని, ఆ తర్వాత ఎదురు వీధి టైలరుకు ఇచ్చేస్తానని కొట్టువాడు చెప్పాడు. దాచుకున్నదానికి ఈ శుక్రవారం పడేది కలిపితే, పోయిన వారంలాగే కంపెనీ కొంత కొరికి ఇచ్చినా, సరిగ్గా సరిపోతుంది. అంతకు మించి చిల్లిగవ్వ తగ్గకూడదు. అంచులన్నీ చేత్తో కుట్టి కుట్టి ఆమె వేలికొసలు జల్లెడలయ్యాయి.

కార్డు కంపెనీని అడగవచ్చు. కానీ దొంగను పిలిచి దొంగతనం చేశావా అంటే ఒప్పుకుంటాడా? అందుకని ఆమె తన దుకాణంలో తానే ఒక టోపీ కొంది. పాప మందులు తెప్పించినప్పటి నుంచి ఫోనులో ఉండిపోయిన భర్త కార్డుతో కొంది. నాలుగు వందలు పంపితే ఎంత వచ్చి పడుతుందో శుక్రవారం తేలిపోతుంది. తేలాక ఆయనకు చెప్పవచ్చులే అనుకుంది.

ఆయన ఒక గోదాములో సరుకు గుమస్తా. తోటివాళ్ళు ఆయన్ని ఫిర్యాదుల పెట్టె అంటారు. కుళాయి మీద, బస్సు మీద, ఫ్యాను రెక్కల మీద ఇప్పటికి ఇరవై ఆరు ఫిర్యాదులు పెట్టాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆ మధ్యాహ్నం ఆయన ఫోనుకు ఒక సందేశం వచ్చింది. తెలియని కంపెనీ పేరు, పక్కన పన్నెండు అంకెలు, పోయింది నాలుగు వందలు. ఆయన కళ్ళు మెరిశాయి. భోజనం మానేసి మూడు పేజీల ఫిర్యాదు రాసి బ్యాంకుకు పంపాడు. బ్యాంకు అప్పటికప్పుడు కార్డు ఆపేసింది. ఇంట్లో మాత్రం ఆయన చెప్పలేదు. భార్య కంగారు మనిషి, చెబితే రాత్రంతా తలుపు గడియలు చూసుకుంటూ కూర్చుంటుంది.

అలా ఎవరి కారణంతో వారు నోరు కట్టుకున్నారు.

బుధవారం ఉదయం కోడలికి కార్డు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మంగళవారం నాటి నాలుగు వందల కొనుగోలు తనది కాదని ఒకరు ఫిర్యాదు చేశారు, అది తేలేవరకు దుకాణం సొమ్మంతా ఆపుతున్నాం అని. పాపను చంకన వేసుకుని ఆమె ఫోను చేసింది.

"పోయిన వారం నూట ముప్ఫై రెండు మింగారు. ఇప్పుడు మొత్తం మింగుతారా?"

"అది వందకు మూడు చొప్పున మా రుసుమండీ. ఒప్పందం మొదటి పేజీలోనే ఉంది" అంది అవతలి అమ్మాయి.

"మొదటి పేజీ ఎవరు చదువుతారండీ?"

"ఎవరూ చదవరండీ."

"పోనీ, ఆ ఫిర్యాదు చేసిన మహానుభావుడెవరు?"

"పేరు చెప్పకూడదండీ."

మంగళవారం అమ్ముడైనవి నాలుగు టోపీలు. కోడలు నోటుబుక్కు ముందు పెట్టుకుని వరుసగా ఫోన్లు చేసింది. మొదటిది ఒక రిటైర్డ్ టీచరు.

"టీచరుగారూ, నిన్న మీరు టోపీ కొన్నారా, లేదా? నిజం చెప్పండి."

"ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని నేను ఇలా నిలదీశానమ్మా. నన్ను నిలదీసింది నువ్వే. ఇక నీ దగ్గర కొంటే ఒట్టు!"

పళ్ళ డాక్టరు పళ్ళు కొరికి ఫోను పెట్టేశాడు. మూడో ఆమె నిండు చూలాలు, వెక్కివెక్కి ఏడ్చింది. ఆమెను ఓదారుస్తూ ఓదారుస్తూ కోడలు తానూ ఏడ్చింది. ఇద్దరి ఏడుపూ విని పాప కూడా అందుకుంది.

సాయంత్రానికి అత్తగారి మౌనం ఆవిడకే బరువైపోయింది. "నాలుగు టోపీలన్నావు. తిట్లు మూడు చోట్లే తిన్నావు. ఆ నాలుగోవాళ్ళెవరు?"

"నాలుగోది నేనేలెండి అత్తయ్యా."

"నీకు నువ్వే అమ్ముకున్నావా! మరి డబ్బెవరిది?"

"ఆయన కార్డు..."

అప్పుడే భర్త గుమ్మంలో చెప్పులు విడిచాడు. బ్యాంకు జవాబు ఆ పూటే వచ్చింది. ఇక ఆపుకోవడం ఆయన వల్ల కాలేదు. "అమ్మా, ఎవడో నాకే టోపీ పెట్టబోయాడు! నాలుగు వందలు! వదుల్తానా? మూడు పేజీలు రాసి పారేశాను. వాడి సొమ్మంతా బిగబట్టించాను!"

కోడలు నోటుబుక్కు మూసేసింది. అత్తగారే నోరు తెరిచారు. "ఒరేయ్, ఆ వాడు నీ పెళ్ళాంరా."

సంగతంతా విన్నాక భర్త బ్యాంకుకు ఫోను చేశాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలంటే ఇరవై రోజులు పడుతుందట. అమ్మినవాళ్ళు సరుకు అందినట్టు రుజువు పంపితే రెండు రోజుల్లోనే తేలుస్తారట. కొన్నవాడు టోపీతో ఉన్న ఫోటో అయితే శ్రేష్ఠమట.

"ఇరవై ఏడు ఫిర్యాదుల్లో కదిలింది ఇదొక్కటే" అన్నాడు ఆయన దీనంగా. "దీన్నీ ఓడిపోమంటావా?"

"మీరు ఓడితేనే నా మిషను వస్తుందండీ."

గురువారం ఉదయం ఆయన టోపీ పెట్టుకున్నాడు. అది గుమ్మడికాయ మీద టీ కప్పు బోర్లించినట్టు నిలబడింది. ఫోను అత్తగారి చేతిలో ఉంది.

"నవ్వరా. డబ్బు పోగొట్టుకున్నవాడిలా ఉన్నావు."

"పోయిందిగా అమ్మా!"

శుక్రవారం మధ్యాహ్నం తీర్పు వచ్చింది. ఫోటోలోని తలకూ, అమ్మిన టోపీకీ పొంతన లేదు కాబట్టి దీన్ని రుజువుగా తీసుకోలేమన్నారు. ఫిర్యాదుదారుడి మూడు పేజీల వివరణ మాత్రం ఎంతో స్పష్టంగా ఉందన్నారు. నాలుగు వందలూ ఆయనకు వాపసు వచ్చాయి. ఆపిన సొమ్ము కోడలికి వదిలారు, విచారణ ఖర్చు అయిదు వందల ఇరవై, తిరిగి ఇవ్వని రుసుము పన్నెండు పట్టుకుని.

"గెలిచాను!" అని కేకేశాడు ఆయన. భార్య ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఎంత తగ్గింది?"

"అయిదు వందల ముప్ఫై రెండు." ఆమె కళ్ళు గడియారం మీద ఉన్నాయి. నాలుగున్నర.

గెలిచిన నాలుగు వందలూ ఆయన బల్ల మీద పెట్టాడు. అత్తగారు కొంగు ముడి విప్పి, మిగతాది రెండుసార్లు లెక్కపెట్టి పక్కన పెట్టారు. "ఇదిగో నీ నూట ముప్ఫై రెండు. అప్పుడు తీయలేదు, ఇప్పుడు ఇస్తున్నాను. రెండూ పుస్తకంలో రాయి."

అయిదుకు అయిదు నిమిషాలు ఉండగా మిషను వాళ్ళ సొంతమైంది. దాని పైన గోడకు భర్త తన తీర్పును ఫ్రేము కట్టించి తగిలించాడు. ఫ్రేముకు నాలుగు వందలైంది, కొత్త కార్డుతో కట్టాడు. అందులో ఫ్రేములవాడికి చేరేది మూడు వందల ఎనభై ఎనిమిదేనని కోడలు ఎవరూ అడక్కుండానే చెప్పింది.