ఆకుపచ్చ పొట్లానికి పార్ట్ నంబర్

ఏ వస్తువైనా ముందు తెర మీద పుట్టాలి. ఇనుములో పుట్టడం ఆ తర్వాత జరిగే లాంఛనం. తైవాన్‌లోని తైచుంగ్ నగర శివార్లలో ఉన్న మా కర్మాగారంలో దీన్ని మించిన ధర్మం లేదు. మేం చేసేది టీ కప్పులకు మూత అతికించే యంత్రాలు. కింద కప్పు పెడితే పైనుంచి వేడి పళ్లెం దిగి, ప్లాస్టిక్ పొరను నొక్కి, తన దారిన తాను పైకి వెళ్లిపోతుంది. ఈ మాత్రం పనికి కూడా కంప్యూటర్లో అచ్చం అలాంటి యంత్రమే మరొకటి ఉంటుంది. దాన్ని కవల అంటారు. కవల ఎంత చెబితే అసలు యంత్రం అంత చేయాలి. (అంతకంటే బాగా చేసినా నేరమే. ఆ సంగతి మాకు ఈ మధ్యే తెలిసింది.)

కొత్త యంత్రాన్ని డిజైన్ చేసింది జియెన్ సూవెన్ అనే ఇంజినీరు, ఆమె కింద పనిచేసే మరో ఇద్దరు. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా దానికి ఆమోదం రాకపోతే ఆ ముగ్గురి జట్టు రద్దవుతుందని, ఇకపై డిజైన్లు సాఫ్ట్‌వేరే గీసుకుంటుందని నోటీసు వచ్చింది. ఆ నోటీసు రాసింది కూడా సాఫ్ట్‌వేరే. చాలా మర్యాదగా రాసింది.

సోమవారం పరీక్ష జరిగింది. కవల లెక్క ప్రకారం వెయ్యి కప్పుల్లో నాలుగు కారాలి. అసలు యంత్రం వెయ్యి కప్పులు మూసింది, ఒక్కటీ కారలేదు. సూవెన్ జట్టు చప్పట్లు కొట్టింది. వ్యత్యాసాల విభాగాధిపతి యెన్ గారు కొట్టలేదు.

"నాలుగు కప్పులు తక్కువ కారాయి," అన్నాడాయన.

"మంచిదే కదా సార్."

"మంచీ చెడూ నా విభాగం చూడదమ్మా. తేడా ఉందా లేదా, అంతే. తెర నాలుగంటోంది, నీ యంత్రం సున్నా అంటోంది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. తెరకి ఆ అలవాటు లేదు."

"నన్నేం చెయ్యమంటారు?"

"వాస్తవం ఎందుకు దారి తప్పిందో వివరణ రాసివ్వు. మూడు కాపీలు."

మంగళవారమంతా సూవెన్ ప్రతి మరనూ కొలిచింది. కవలలో ఉన్నవన్నీ యంత్రంలో ఉన్నాయి. యంత్రంలో ఉండి కవలలో లేనిది ఒక్కటే తేలింది: నెత్తిన కూర్చున్న ఆకుపచ్చ పొట్లం. కొబ్బరి రుచి మొక్కజొన్న చిరుతిండి, యాభై రెండు గ్రాములు, పేరుకు అర్థం 'బుద్ధిగా ఉండు' అని. యంత్రం మాట వినాలంటే అది నెత్తిన ఉండాలని మా దేశంలో ఆనవాయితీ. ఆకుపచ్చదే అయివుండాలి, గడువు తీరకూడదు, ఎవరూ విప్పకూడదు. (దీన్ని చదువులేనివాళ్ల నమ్మకం అనుకునేరు. మా ఊళ్లో దీన్ని ఎక్కువగా పాటించేది డాక్టరేట్లు ఉన్నవాళ్లే.) పెట్టింది తూ మేస్త్రీ. ముప్ఫై ఎనిమిదేళ్లుగా యంత్రాలు బిగిస్తున్నవాడు.

బుధవారం పొద్దున్నే సూవెన్ ఆయన్ని అడిగింది. "దీన్ని తీసేసి ఒకసారి చూద్దామా మేస్త్రీ గారూ?"

"తీస్తే నువ్వే తియ్యి తల్లీ. నా చేత్తో తియ్యను. తీశాక దాని ఛాయలకి కూడా రాను."

అన్నట్టే ఆయన ఓ మూల స్టూలు వేసుకుని, యంత్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. పొట్లం తీసేసి వెయ్యి కప్పులు నడిపారు. సరిగ్గా నాలుగు కారాయి.

"చూశావా, ఇప్పుడెంత ఆరోగ్యంగా ఉందో," అన్నాడు యెన్.

కాని యంత్రం కొనే టీ దుకాణాల వాళ్లకు ఆరోగ్యం అక్కర్లేదు, కారని కప్పు కావాలి. కాబట్టి పొట్లం ఉండి తీరాలి. యంత్రం మీద ఉండాల్సింది కవలలోనూ ఉండాలి. కవలలో ఉండాలంటే పార్ట్ నంబర్ ఉండాలి. సూవెన్ ఫారం తెరిచింది.

పదార్థం అనే గడిలో లోహం, ప్లాస్టిక్, రబ్బరు, గాజు అని నాలుగే ఉన్నాయి. ఆమె రబ్బరు ఎంచుకుని, పక్కన 'కరకరలాడును' అని రాసింది. ఆయుష్షు: తొమ్మిది నెలలు. ఆయుష్షు తీరిన భాగాన్ని వదిలించుకునే విధానం: నమలడం. నమలడానికి అర్హత గల సిబ్బంది పేర్లు, శిక్షణ పత్రాలతో సహా, జతచేయాలని సాఫ్ట్‌వేర్ అడిగింది. ముగ్గురికి ఆ మధ్యాహ్నమే శిక్షణ ఇచ్చారు. ముగ్గురూ మొదటి ప్రయత్నంలోనే నెగ్గారు.

చివరన సాఫ్ట్‌వేర్ ఓ సలహా కూడా ఇచ్చింది: అదే బరువున్న పసుపు పొట్లం త్వరగా దొరుకుతుంది, వాడండి. పసుపు రంగు పొట్లం పెడితే ఏ యంత్రమైనా మొండికేస్తుందని మా వీధిలో పిల్లలకు కూడా తెలుసు.

"పెట్టండి, పెట్టండి," అన్నాడు తూ మేస్త్రీ, వెనక్కి తిరక్కుండానే. "అలాగే అంబులెన్సుకి కూడా ఒక నంబరు ఇప్పించండి."

(యెన్ గారు రాసుకున్నారు.)

సాయంత్రానికి నంబర్ వచ్చింది. పొట్లాన్ని కవల నెత్తిన పెట్టారు. అయినా కవలలో నాలుగు కప్పులు కారుతూనే ఉన్నాయి.

"సోమవారం పొట్లం ఉంది, సున్నా. ఇవాళ లేదు, నాలుగు. రెండు సాక్ష్యాలున్నాయి," అన్నాడు యెన్. "కవల చిన్నపిల్లలాంటిదమ్మా. తెలీకపోతే నేర్పాలి."

పొట్లం ఉంటే కారదని సూవెన్ నేర్పింది. కవల వెంటనే నేర్చుకుంది. ఎందుకని అడగలేదు.

గురువారం పొద్దున ఏడున్నరకు పొట్లాన్ని తిరిగి పెట్టడానికి ఆమె వచ్చేసరికి తూ మేస్త్రీ అప్పటికే పెట్టేశాడు. పొట్లం మీది పేరు ముందుకు కనిపించేలా సర్ది, తల వంచి దణ్ణం పెట్టి, ఎడమ అరచేయి యంత్రం పక్కకు ఆనించాడు. మూడు కప్పులు నడిపి విన్నాడు. తర్వాత జేబులోంచి స్పానర్ తీసి, ఎడమవైపు బోల్టును పావు చుట్టు బిగించాడు.

"ఏం చేశారిప్పుడు?"

"ఏముంది, పలకరించాను."

"బోల్టు తిప్పారుగా."

"రాత్రి చల్లబడితే అటువైపు కాస్త వదులవుతుంది. రోజూ ఉండేదే. వేడెక్కేటప్పుడు చప్పుడు తేడాగా ఉంటుంది, నీకు వినపడదా?"

"నిన్న తిప్పలేదా?"

"పొట్లం తీశావుగా. అలిగాను."

సూవెన్ తిన్నగా యెన్ గదికి వెళ్లింది. "కారణం పొట్లం కాదు సార్, మేస్త్రీ గారు."

యెన్ న్యాయమైన మనిషి. వెంటనే సాఫ్ట్‌వేర్‌లో 'మనిషి' అని వెతికాడు. ఆ మాట ఒక్కచోటే దొరికింది, 'లోపాలకు కారణాలు' అనే జాబితాలో.

"ఇక్కడైతే చేర్చగలను. చేర్చనా?"

"ఆయన వల్ల లోపం రావడం లేదు సార్, ఆయన వల్లే లోపం లేదు."

"అలాంటి గడి లేదమ్మా."

"పోనీ, బోల్టు వదులవకుండా స్ప్రింగ్ వాషర్ వేస్తాను."

"డిజైన్ మారితే పరీక్షలు మొదటినుంచి. పదకొండు రోజులు. నీకున్నది రేపు ఐదింటి దాకా." ఆయన గొంతు తగ్గించాడు. "పొట్లానికి అన్ని అనుమతులూ ఉన్నాయి. నీ జట్టులో ఒకతని భార్యకి నెలలు నిండాయట కదా."

శుక్రవారం నాలుగూ నలభైకి సూవెన్ సంతకం పెట్టింది. ఈసారి యెన్ కూడా చప్పట్లు కొట్టాడు. జట్టు నిలిచింది.

సోమవారం సర్క్యులర్ వచ్చింది: 'తెరలో లేని చేయి యంత్రం మీద పడరాదు.' తూ మేస్త్రీని అట్టపెట్టెల విభాగానికి మార్చారు.

"నాక్కూడా ఒక నంబరు ఇప్పించలేకపోయావా తల్లీ?" అని అడిగాడు ఆయన, పెట్టె మడుస్తూ.

"అడిగాను మేస్త్రీ గారూ. గడి లేదన్నారు."

"పోనీలే. పెట్టెలకి చలీ వేడీ లేవు. నా వినికిడికి కాస్త విశ్రాంతి."

నెల తిరక్కుండానే కప్పులు కారుతున్నాయని దుకాణాల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. మేస్త్రీని పంపి బోల్టులు చూపిద్దామని సూవెన్ అడిగితే, యెన్ సర్క్యులర్ కాపీ పంపాడు. కవల మాత్రం సమస్యను నిమిషంలో తేల్చేసింది: ఒక పొట్లం నాలుగు కప్పులు కారకుండా ఆపగలిగితే, రెండు పొట్లాలు ఎనిమిదింటిని ఆపుతాయి. ప్రస్తుతం ఒక్కో యంత్రం మీద ఏడు పొట్లాలున్నాయి. బల్లలు తుడవడానికి దుకాణాల వాళ్లు విడిగా మనుషుల్ని పెట్టుకున్నారు. తెర మీద ఇప్పటివరకు ఒక్క చుక్క కూడా కారలేదు.